ఒకే ఇంట రెండు పొలిమేరలు

నేడు అనేక గృహములలో ఒకటికి మించిన కంప్యూటర్లు కానవచ్చుచున్నవి. క్రింది అంతస్తులో ఇంటర్నెట్టు కంపెనీవారు అమర్చిన రౌటరు ఒకటి యుండును. దాని రేడియో తరంగములు మేడమీదికి సరిగా అందకపోవుటచే, కొందరు అంగడినుండి మరియొక రౌటరును తెచ్చి పైన బిగించుకొందురు. అప్పటినుండి రెండు అంతస్తులలోను ఇంటర్నెట్టు చక్కగా పనిచేయును. కాలిఫోర్నియాలోని గ్రంథాలయపు పుస్తకము క్షణములో తెరమీద నిలుచును. కాని మేడమీది కంప్యూటరులో దాచిన ఫైలును క్రింది కంప్యూటరునుండి తెరువబోయినచో, అట్టి కంప్యూటరే లోకములో లేదన్నట్లుండును. వేలకొలది కిలోమీటర్ల దూరము అడ్డుకాని చోట ఇరువది మెట్లు అడ్డమగుచున్నవి!

ఇది యంత్రము చెడిపోవుటవలన కలిగిన లోపము కాదు. రెండు రౌటర్లును తమకు విధించిన పనిని పొల్లుపోకుండ చేయుచున్నవి. ఆ పని యేమి? నెట్‌వర్కులను కలుపుటకై పుట్టిన యంత్రము ఒకే ఇంటిలోని కంప్యూటర్లను విడదీయుట యేల? దీనికి సమాధానము ఈ యంత్రముల చరిత్రలో కలదు.

ఫైళ్ళ తొలి ప్రయాణము

ఒక కంప్యూటరులోని సమాచారమును మరియొకదానికి చేర్చవలెనన్న, పూర్వము అయస్కాంతపు టేపు చుట్టనో, చిల్లులు పొడిచిన కార్డుల కట్టనో మనిషి మోసికొనిపోవలసి యుండెను. 1969లో అమెరికా ప్రభుత్వపు రక్షణశాఖ పరిశోధనా సంస్థ నాలుగు విద్యాపరిశోధన కేంద్రములలోని కంప్యూటర్లను కలిపి ఆర్పానెట్ అను నెట్‌వర్కును నెలకొల్పెను. తీగలు కలిసినంతమాత్రమున పని పూర్తి కాలేదు. ఆ కంప్యూటర్లు వేరువేరు కంపెనీలు చేసినవి. ఫైళ్ళను దాచుకొను పద్ధతి దేనికదే. కావున అన్నిటికిని సమ్మతమైన నియమావళి యొకటి కావలసివచ్చెను.

అట్టి నియమావళిని మొదట వ్రాసినవాడు భారతీయుడు. కాన్పూరులోని ఐ.ఐ.టి.లో చదివి, అమెరికాలోని ఎం.ఐ.టి.లో పనిచేయుచున్న అభయ్ భూషణ్ 1971 ఏప్రిల్ 16వ తేదీన ఫైళ్ళను బదిలీచేయు నియమావళిని ప్రకటించెను. ఎఫ్.టి.పి. అను పేరుతో ప్రసిద్ధికెక్కినది ఇదియే. అయితే ఇందులో ఫైలు మొత్తమును ఒకచోటినుండి మరియొకచోటికి నకలు చేసికొనవలెను. దూరపు ఫైలును అక్కడనే యుంచి, తన పెట్టెలోనిదివలె తెరచి వాడుకొనుట అప్పటికింకను సాధ్యము కాలేదు.

ఒకే తీగ, ఒకే గ్రామము

1973లో కాలిఫోర్నియాలోని జిరాక్స్ కంపెనీ పరిశోధనాలయమున ఆల్టో అను చిన్న కంప్యూటర్లు తయారగుచుండెను. వాటిని ఒకదానితో నొకటియు, లేజరు ముద్రణయంత్రముతోను కలుపవలసిన భారము రాబర్ట్ మెట్‌కాఫ్ అను యువ ఇంజనీరుపై పడెను. అతడు ఆ సంవత్సరము మే 22వ తేదీన తన ఆలోచనను ఒక పత్రముగా వ్రాసి, దానికి ఈథర్‌నెట్ అని పేరు పెట్టెను. కాంతి ప్రయాణించుటకు ఆకాశమంతయు ఈథరు అను పదార్థము నిండియున్నదని 19వ శతాబ్దపు భౌతికశాస్త్రజ్ఞులు నమ్మిన సంగతి విద్యార్థులకు తెలిసినదే. భౌతికశాస్త్రము త్రోసివేసిన ఆ పేరు ఇట్లు కంప్యూటరు తీగకు దక్కినది.

మెట్‌కాఫ్, అతని సహచరుడు డేవిడ్ బాగ్స్ నిర్మించిన ఆ తొలి ఈథర్‌నెట్ సెకనుకు 29 లక్షల 40 వేల బిట్లను మోయగలిగెను. ఒకే తీగకు కంప్యూటర్లన్నియు తగిలింపబడియుండును. ఒకటి పలికినది అన్నిటికిని వినబడును. ప్రతి సందేశముపైనను అది ఎవరికి చేరవలెనో ఆ చిరునామా యుండును. తనది కానిదానిని తక్కినవి విడిచివేయును. రెండు కంప్యూటర్లు ఒక్కసారి పలికి సందేశములు ఢీకొన్నచో, ఒక్కొక్కటి అదృష్టముకొలది కొంత వ్యవధి ఆగి మరల పలుకును.

ఈ యేర్పాటులో ఒక గొప్ప సౌకర్యము కలదు. ఎవరి చిరునామాయు తెలియనప్పుడు, "అందరికిని" అని వ్రాసి ఒక్క సందేశము పంపినచాలును. ఇది గ్రామములో దండోరా వేయించుటవంటిది. ఒకే తీగపైనున్న కంప్యూటర్లు ఒకే గ్రామవాసులు; తప్పెట మ్రోగినచో వినని యిల్లుండదు. ఈ దండోరాను జ్ఞాపకముంచుకొనవలెను. తరువాతి కథయంతయు దీని చుట్టును తిరుగును.

పొలిమేర దాటించు యంత్రము

గ్రామములు పెరిగినవి. కాని ఒక గ్రామపు తీగకును మరియొక గ్రామపు తీగకును పొందిక లేకుండెను. 1974 మే నెలలో వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక మార్గమును సూచించిరి. ప్రతి నెట్‌వర్కు తన పద్ధతిని తాను మార్చుకొననక్కరలేదు. రెండు నెట్‌వర్కుల సరిహద్దున ఒక యంత్రము నిలిచి, ఉత్తరములను ఇటునుండి అటు అందించినచాలును. 1983 జనవరి 1వ తేదీనుండి ఆర్పానెట్ ఈ పద్ధతికే మారెను. సరిహద్దున నిలుచు ఆ యంత్రమే నేటి రౌటరు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో వైద్యవిభాగపు కంప్యూటర్లను కంప్యూటరు శాస్త్రవిభాగముతో కలుపుటకై విలియం యీగర్ 1980-81 ప్రాంతమున రౌటరు ప్రోగ్రామును వ్రాసెను. 1984లో పుట్టిన సిస్కో అను కంపెనీ 1987లో దానిని అనుమతి పొంది తీసికొనెను. రౌటర్ల వ్యాపారము పెంపొందిన విధమిది.

రౌటరు పనిని తపాలా కచేరితో పోల్చవచ్చును. చిరునామా గల ఉత్తరమును అది పొలిమేర దాటించును. దండోరాను మాత్రము దాటనీయదు. ఇది మొదటినుండియు బుద్ధిపూర్వకముగా చేసిన యేర్పాటే. లోకములోని గ్రామములన్నిటి తప్పెటలును ప్రతి గ్రామమునను మ్రోగినచో ఎవరి మాటయు ఎవరికిని వినబడదు గదా!

తెచ్చుకొనుట కాదు, పంచుకొనుట

1980 తరువాత చిన్న కంప్యూటర్లు కార్యాలయములలో ప్రవేశించినవి. అప్పట్లో డిస్కుల ఖరీదు హెచ్చు. ఒక పెద్ద డిస్కును పదిమంది వాడుకొనుట లాభకరము. 1983 ప్రాంతమున ఐ.బి.ఎం. కంపెనీ చిన్న నెట్‌వర్కులకై నెట్‌బయాస్ అను పద్ధతి వచ్చెను. దానిపై నడచుటకు బారీ ఫైగెన్‌బామ్ అను ఇంజనీరు ఎస్.ఎం.బి. అను నియమావళిని రూపొందించెను. పొరుగు కంప్యూటరులోని ఫైలును తన డిస్కులోనిదివలెనే తెరచుట, వ్రాయుట, మూయుట దీనివలన సాధ్యమయ్యెను. సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ 1984లో ఎన్.ఎఫ్.ఎస్. అను మరియొక పద్ధతిని ఇదే ప్రయోజనమునకై తయారుచేసెను.

నెట్‌బయాస్ పద్ధతిలో ప్రతి కంప్యూటరునకును 15 అక్షరములకు మించని పేరుండును. కంప్యూటరును వెలిగింపగనే అది, "నా పేరు ఫలానా, ఈ పేరు మరెవరికైన కలదా?" అని దండోరా వేయును. ఎవరును అభ్యంతరము చెప్పనిచో ఆ పేరు దానిదగును. ఫలానా కంప్యూటరు ఎక్కడనున్నదో తెలియవలెనన్నను దండోరాయే. ఒకే తీగపై ఇరువదిమంది పనిచేయు చిన్న కార్యాలయమునకు ఇంతకన్న సులభమైన పద్ధతి లేదు. ఇంటర్నెట్టు నియమావళిపై నెట్‌బయాస్ నడచు విధమును 1987 మార్చిలో రెండు పత్రములు నిర్ణయించినవి. ఐనను చిన్న నెట్‌వర్కులలో పేరుపెట్టి పిలుచుట దండోరాగానే నిలిచిపోయినది. 1992లో వచ్చిన వర్క్‌గ్రూపుల విండోస్ ద్వారా ఈ యలవాటు ఎన్నియో కార్యాలయములకు వ్యాపించెను.

ఆ కాలముననే ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రా నగరమున ఆండ్రూ ట్రిడ్జెల్ అను పరిశోధక విద్యార్థి, వేరు జాతి కంప్యూటర్లమధ్య ఫైళ్ళను పంచుకొనుటకు ప్రయత్నించెను. తీగపై పోవు సందేశములను పట్టి, వాటి క్రమమునుబట్టి నియమములను ఊహించి, 1992 జనవరిలో తన ప్రోగ్రామును అందరికిని ఉచితముగా విడుదల చేసెను. దానికి తరువాత పేరు మార్పవలసివచ్చినప్పుడు అతడు నిఘంటువులో ఎస్, ఎం, బి అను అక్షరములు వరుసగా వచ్చు మాటలకై వెదకెను. సాంబా అను నృత్యము పేరు దొరకెను. నేడు ఇండ్లలో ఫైళ్ళను దాచుటకై అమర్చు చిన్న పెట్టెలలో పెక్కు ఈ సాంబా ప్రోగ్రాముతోనే నడచుచున్నవి.

చిరునామాల కరవు

ఇంటర్నెట్టు చిరునామాకు 1981లో 32 బిట్లు కేటాయింపబడెను. అనగా మొత్తము 4,294,967,296 చిరునామాలు. ఆనాడు ఇది తరుగని నిధివలె తోచెను. పది సంవత్సరములలోనే అది చాలదని తేలెను. 1994 మే నెలలో ఎగెవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ అను నిపుణులు ఒక ఉపాయమును ప్రకటించిరి. దీర్ఘకాలపు మార్గము దొరకువరకు ఇది తాత్కాలిక పరిష్కారమని వారే స్పష్టముగా చెప్పిరి.

ఆ ఉపాయమును ఉమ్మడి కుటుంబముతో పోల్చవచ్చును. ఇంటివారందరి ఉత్తరములును పెద్ద చేతికి వచ్చును. అతడు ఒక్కొక్కదానిపై తన పేరునే వ్రాసి పంపి, ఏది ఎవరిదో ఒక పుస్తకములో గుర్తుంచుకొనును. ప్రత్యుత్తరము రాగానే పుస్తకము చూచి వారి కందించును. బయటివారికి తెలిసినది పెద్ద పేరొక్కటే. కావున లోపలివారు పేర్లేవైనను పెట్టుకొనవచ్చును. ఇందుకై 1996 ఫిబ్రవరిలో 10, 172.16, 192.168 అను సంఖ్యలతో మొదలగు మూడు చిరునామా వర్గములు ప్రత్యేకింపబడినవి. లక్షలాది ఇండ్లలో 192.168 అను ఒకే సంఖ్య కానవచ్చుటకు కారణమిదియే.

తాత్కాలికమన్న ఉపాయము శాశ్వతమయ్యెను. 2011 ఫిబ్రవరి 3వ తేదీన ప్రపంచపు కేంద్రనిధిలోని చిరునామాలు పూర్తిగా పంచివేయబడినవి. అప్పటికే ఇంటింటను ఈ కుటుంబపెద్ద పని చేయు రౌటరు వెలసియుండెను. కాని దీనితో ఒక మార్పు వచ్చెను. లోపలినుండి మొదలైన ఉత్తరమునకే ప్రత్యుత్తరము లోపలికి రాగలదు. బయటివాడు తానై వ్రాసినచో, పుస్తకములో గుర్తు లేదు గనుక ఆ ఉత్తరము పారవేయబడును. ఇరువైపుల తెరచిన వాకిలి ఇట్లు ఒకవైపు మాత్రమే తెరచుకొను వాకిలియైనది.

మేడమెట్ల యొద్ద జరుగుచున్నదేమి?

ఇప్పుడు రెండు రౌటర్ల యింటికి సమాధానము చెప్పవచ్చును. మేడమీది రౌటరు తన క్రింద వేరొక గ్రామమును కల్పించినది. పై కంప్యూటరు వేసిన దండోరా ఆ పొలిమేరయొద్దనే ఆగిపోవును, క్రిందిదానికి వినబడదు. కావున జాబితాలో పేరు కనబడదు. దండోరాకు బదులుగా సంఖ్యారూపమైన చిరునామాను వ్రాసినచో, పైనుండి క్రిందికి దారి దొరకును. ఏలయన అది లోపలినుండి బయటికి పోవు ఉత్తరము. క్రిందినుండి పైకి మాత్రము దారి లేదు. రెండు రౌటర్లును 192.168.1 అను ఒకే వరుసను వాడుచున్నచో చిక్కు మరింత పెరుగును. "బయటి" చిరునామా ఏదో "లోపలి" చిరునామా ఏదో తెలియక పై రౌటరు పని చెడును.

దీనికి నివారణ సులభము. క్రిందినుండి వచ్చు తీగను పై రౌటరులో ఇంటర్నెట్టుకై కేటాయించిన రంధ్రములో గాక, ఇంటి కంప్యూటర్లకై యున్న రంధ్రములలో ఒకదానిలో పెట్టవలెను. చిరునామాలను పంచిపెట్టు పనిని పై రౌటరులో ఆపివేయవలెను; దానికి క్రిందిదాని వరుసలోనే వేరొక సంఖ్యను ఇయ్యవలెను. అప్పుడది పొలిమేర కాపరి కాక, కేవలము తరంగములను వ్యాపింపజేయు స్తంభమగును. రెండంతస్తులును ఒకే గ్రామమగును. నేటి రౌటర్లలో పెక్కింటికి ఈ మార్పును ఒక్క మీటతో చేయు వీలు కలదు.

గోడకును ప్రయోజనము కలదు

అయినచో పొలిమేరలన్నిటిని చెరపివేయవచ్చునా? 2017 మే 12వ తేదీన వెలువడిన వన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము ఈ ప్రశ్నకు కఠినమైన సమాధానము చెప్పెను. పాత ఎస్.ఎం.బి. ప్రోగ్రాములోని ఒక లోపము ద్వారా అది కంప్యూటరునుండి కంప్యూటరునకు తానై ప్రాకి, ఫైళ్ళను రహస్యలిపిలో బంధించి, విడుదలకు సొమ్మడిగెను. సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని వాతబడినవి. ఇంగ్లండులోని ఆసుపత్రులు స్తంభించినవి. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లును చిక్కుకొన్నవి. ఆ లోపమును సవరించు ప్రోగ్రాము రెండు నెలల ముందే, మార్చిలో, వెలువడియుండెను. దానిని అమర్చుకొననివారే నష్టపడిరి. ఫైళ్ళు పంచుకొను వాకిలిని బయటి ఇంటర్నెట్టువైపు మూసియుంచిన రౌటరు వెనుకనున్న ఇండ్లకు అది బయటినుండి నేరుగా చొరబడలేకపోయెను.

ఇంటిలోని అనేక రౌటర్లు తమలో తాము మాటాడుకొని, కంప్యూటర్ల పేర్లను ఒకదానికొకటి తెలుపుకొనవలెనని ఇంటర్నెట్టు నిపుణులు 2014లో ఒక పత్రమున సూచించిరి. 128 బిట్లు గల క్రొత్త చిరునామాలు, 1995లోనే నిర్ణయింపబడినవి, నేడు క్రమముగా వాడుకలోనికి వచ్చుచున్నవి. వీనివలన చిరునామాల కరవు తీరును. ఉమ్మడి కుటుంబపు పెద్ద విశ్రమింపవచ్చును. కాని ఎవరి దండోరా ఎవరికి వినబడవలెను, ఎవరి వాకిలి ఎవరికి తెరువవలెను అను ప్రశ్న బిట్లను పెంచినంతమాత్రమున తీరదు. ఒకే ఇంటివారు ఒకే గ్రామముగా నుండవలెను. ఆ గ్రామమునకు పొలిమేర ఒక్కటియే యుండవలెను. అది వీధివైపున నుండవలెను గాని మేడమెట్లపై గాదు.