స్టీరేజ్: చుక్కాని దగ్గర చౌక ప్రయాణం

తెరచాప ఓడకు చుక్కాని వెనుక కొసన ఉండేది. దాన్ని తిప్పే పొడవాటి దూలం, అంటే టిల్లర్, పెద్ద ఓడల్లో డెక్కు కిందే అమరేది. 18వ శతాబ్దం మొదట్లో చక్రం వచ్చింది. నావికుడు పైన చక్రం తిప్పితే, దాని ఇరుసుకు చుట్టిన మోకులు కప్పీల మీదుగా కిందికి దిగి టిల్లర్‌ను అటూ ఇటూ లాగేవి. తుఫానులో ఒక్కడి బలం చాలేది కాదు, ఇద్దరు ముగ్గురు కలిసి చక్రం పట్టుకునేవారు. ఈ సరంజామా ఉండే భాగమే స్టీరేజ్. గాలీ వెలుతురూ అందని ఆ చోట తక్కువ డబ్బు ఇచ్చినవాళ్లను ఎక్కించేవారు. క్రమంగా చౌక తరగతి మొత్తానికీ ఆ పేరే స్థిరపడింది.

అసలు రద్దీ 19వ శతాబ్దంలో మొదలైంది. కెనడా నుంచి బ్రిటన్‌కు కలప మోసే ఓడలు తిరుగు ప్రయాణంలో ఖాళీగా పోవడం ఎందుకని వలసజనాన్ని నింపుకున్నాయి. సరుకు దించిన చోటే పలకలు కొట్టి రెండంతస్తుల పడకలు కట్టేవారు. ఆరడుగుల చదరంలో నలుగురు పడుకోవాలి. పరుపు, గిన్నెలు ఎవరివి వాళ్లవే. సముద్రం పోటెత్తితే పైమూతలు బిగించేసేవారు, వంట ఆగిపోయేది, వాంతుల కంపు మధ్య చీకట్లో రోజులు గడిచేవి.

1819లోనే అమెరికా ప్రతి 5 టన్నులకు ఇద్దరికి మించి ఎక్కించరాదని చట్టం చేసింది. అయినా 1847లో, ఐర్లండ్ కరువు కాలంలో, టైఫస్ జ్వరం ఓడలను ఊడ్చేసింది. కెనడాలోని గ్రోస్ దీవిలో ఆ ఏడాది 5,000 మందికి పైగా వలసజనాన్ని పూడ్చిపెట్టారు. వాళ్లను చంపింది కరువు ఒక్కటే కాదు, ఆ ఇరుకు కూడా.

చుక్కాని తిప్పడం, జనాన్ని మోయడం, ఈ రెండు పనులనూ ఆవిరి మార్చింది. 1866లో గ్రేట్ ఈస్టర్న్ ఓడలో మెక్‌ఫార్లేన్ గ్రే రూపొందించిన ఆవిరి యంత్రం చుక్కానిని తిప్పింది. అట్లాంటిక్ ప్రయాణం వారాల నుంచి రోజులకు తగ్గింది. 1912 నాటి టైటానిక్‌లో మూడో తరగతివారికి చిన్న గదులు, బల్లల మీద వడ్డించే భోజనం దక్కాయి. స్నానపు తొట్లు మాత్రం సుమారు 700 మందికి రెండే.

మన తీరంలో స్టీరేజ్‌కు రూపం డెక్కు టికెట్టు. కాకినాడ, విశాఖ రేవుల నుంచి రంగూన్ వెళ్లిన తెలుగు కూలీలకు పడకైనా లేదు, చాప పరిచినంత మేరే సొంతం.

1924లో అమెరికా వలసలకు గట్టి కోటాలు విధించడంతో చౌక టికెట్టు కొనేవారు తగ్గారు. కంపెనీలు ఆ గదులకే మెరుగులు దిద్ది, ‘టూరిస్ట్ థర్డ్’ పేరుతో విద్యార్థులకు, ఉపాధ్యాయులకు అమ్మడం మొదలుపెట్టాయి.