కులాన్ని లెక్కల్లో పట్టిన ప్రొఫెసర్

'మెరిట్' అంటూ మన నోరు మూయించేవాళ్లకి సుఖదేవ్ థోరట్ లెక్కలతో జవాబు చెప్పారు. ఆయన అంబేద్కర్ నెలకొల్పిన ఔరంగాబాద్ మిళింద్ కాలేజీలో చదివారు. జెఎన్‌యూలో ఆర్థికశాస్త్ర ప్రొఫెసరయ్యారు. పాల్ అట్టెవెల్‌తో కలిసి 2007లో అచ్చువేసిన పరిశోధన చూడండి. సమాన అర్హతలున్న దరఖాస్తుల్ని వేర్వేరు కులాల పేర్లతో ప్రైవేటు కంపెనీలకి పంపారు. పైకులం పేరుతో పోలిస్తే దళిత పేరుకి పిలుపొచ్చే అవకాశాల నిష్పత్తి 0.67 దగ్గరే ఆగింది. చదువు అదే, పేరే వేరు!

2006 నుంచి 2011 దాకా యూజీసీ చైర్మన్‌గా పనిచేశారు. ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులపై వివక్షని విచారించిన కమిటీకి అధ్యక్షుడిగా 2007లో నివేదిక ఇచ్చారు.

మా ఇంట్లో యూనివర్సిటీ మెట్లెక్కింది నేనే మొదలు. నా అవమానం చెప్పుకుంటే 'అది నీ ఒక్కడి గొడవ' అన్నారు. ఒక్కడి గొడవ కాదని రుజువు చేసే పని థోరట్ మొదలెట్టారు. మిగతాది మనం చెయ్యాలి.