తీర్మానం చేసిన్రు సరే, తర్వాత ఏమైంది?

పోస్టు కొంచెం పొడుగుంటది, శుక్రవారం తీరిగ్గా చదువుకోండ్రి.

"అసెంబ్లీ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది" అని టీవీల కింద అక్షరాలు పోంగనే మన క్యాంపు రూముల్లో సగం మంది పని అయిపోయినట్టే మాట్లాడుతరు. మిగతా సగం మంది "అదంతా ఉత్త ముచ్చట, కాగితం" అంటరు. మన తెలుగు నేల మీద జరిగిన కొన్ని తీర్మానాలు వరసగా చూస్తే ఈ రెండు మాటలూ పూర్తి నిజం కాదని తెలుస్తది.

ముందు ఒక సంగతి. బిల్లు వేరు, తీర్మానం వేరు. సభలో బిల్లు పాసై గవర్నర్ సంతకం అయితే అది చట్టం. దాన్ని పట్టుకొని కోర్టుకు పోవచ్చు. తీర్మానం అంటే సభ తన మనసులో మాట చెప్పడం. చనిపోయినవాళ్లకు సంతాపం, గెలిచినవాళ్లకు అభినందన, ఢిల్లీకి విజ్ఞప్తి, ఇవన్నీ అందులోకే వస్తయి. మన సైటు భాషలో చెప్పాలంటే అది మీటింగ్ మినిట్స్ లాంటిది. మినిట్స్‌ల రాసినంత మాత్రాన మనం కాంక్రీట్ పొయ్యం కదా! అప్రూవ్ అయిన డ్రాయింగ్ చేతికి రావాలె.

పీవీ నరసింహారావు గారి సంగతి చూడండ్రి. ఆయన మంథని నుంచి 1957లో మొదటిసారి ఎమ్మెల్యే అయిండు. 1971 నుంచి 1973 దాకా ముఖ్యమంత్రి, 1991 నుంచి 1996 దాకా ప్రధానమంత్రి. 2004 డిసెంబర్ 23న కాలం చేసిండు. ఆయన శతజయంతి సంవత్సరంలో, 2020 సెప్టెంబర్ 8న, భారతరత్న ఇవ్వాలని తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. భారతరత్న ఎవరికివ్వాలో రాష్ట్రపతికి సిఫారసు చేసేది ప్రధానమంత్రి. అందులో రాష్ట్ర అసెంబ్లీకి ఏ అధికారం లేదు. అవార్డు ప్రకటించింది 2024 ఫిబ్రవరి 9న, అంటే మూడేండ్ల ఐదు నెలల తర్వాత. అప్పటికి తీర్మానం పెట్టిన ప్రభుత్వమే రాష్ట్రంలో మారిపోయింది. తీర్మానం వల్లనే వచ్చిందని ఎవరూ రుజువు చెయ్యలేరు. మా సభ అడిగింది అనే మాట మాత్రం రికార్డుల ఉంది. 2024 డిసెంబర్ 30న మన్మోహన్ సింగ్ గారికి కూడా భారతరత్న ఇవ్వాలని అదే సభ తీర్మానం చేసింది.

ఇది గౌరవానికి సంబంధించింది. ఆలస్యమైనా ఎవరి పొట్టా కొట్టలేదు. కానీ బతుకులకు సంబంధించిన హామీని కూడా తీర్మానంతోనే సరిపెడితే ఏమైతది? దానికి 1955 కర్నూలుకు పోవాలె.

అప్పుడు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని కర్నూలు. హైదరాబాద్ వేరే రాష్ట్రం. హైదరాబాద్ రాష్ట్రంలోని తెలుగు జిల్లాలను అప్పుడే కలపకుండా 1961 ఎన్నికల దాకా వేరుగా ఉంచాలని, తర్వాత అక్కడి సభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే కలపాలని రాష్ట్రాల పునర్విభజన కమిషన్ చెప్పింది. కలిస్తే ఉద్యోగాలు, చదువులు పోతయని ఇక్కడివాళ్ల భయం. ఆ భయం తీర్చడానికి 1955 నవంబర్ 25న ఆంధ్ర శాసనసభ ఒక తీర్మానం చేసింది. తెలంగాణ అభివృద్ధిని ప్రత్యేక బాధ్యతగా చూసుకుంటమని, ఉద్యోగాల్లో, విద్యాసంస్థల్లో జనాభా లెక్కన రిజర్వేషన్ ఇస్తమని, నీటిపారుదల పెంచుతమని అందులో భరోసా ఇచ్చిన్రు.

మాటలు మంచిగనే ఉన్నయి. కానీ అమలు చెయ్యకపోతే ఎవరిని అడగాలె, ఏ కోర్టుకు పోవాలె అన్నదానికి ఆ తీర్మానంలో జవాబు లేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో రెండు పక్కల నాయకులు కూర్చుని పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నరు. పేరులోనే ఉంది కదా, పెద్దమనుషుల మాట మీద నడిచేది. ఆ ఏడాది నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డది. పదమూడేండ్లు తిరగకముందే, 1969లో, హామీలు అమలు కాలేదని విద్యార్థులు, ఉద్యోగులు రోడ్డెక్కిన్రు. ఎంతోమంది పిల్లలు తూటాలకు బలైన్రు.

ఇప్పుడు "కాగితమే కదా" అనేటోళ్లకు నా జవాబు. ఆ తీర్మానం మాటను నిలబెట్టలేకపోయింది, నిజమే. కానీ మాట తప్పిన్రని చూపించే సాక్ష్యం అదే అయ్యింది. తారీఖుతో సహా సభ రికార్డుల ఉండబట్టి, ఉద్యమం నడిపినవాళ్లు దశాబ్దాల తర్వాత కూడా దాన్ని తీసి "మీరే అన్నరు కదా" అని అడగగలిగిన్రు. నోటిమాట అయితే "మేం ఎప్పుడన్నం?" అని తప్పించుకుందురు.

సభ గట్టిగా వద్దన్నా ఆగని సందర్భం కూడా ఉంది. రాష్ట్ర విభజన బిల్లును తిరస్కరిస్తూ 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ మూజువాణి ఓటుతో తీర్మానం చేసింది. రాజ్యాంగం మూడో ఆర్టికల్ ప్రకారం రాష్ట్ర సభ అభిప్రాయం అడగాలె, కానీ పార్లమెంటు దానికి కట్టుబడాల్సిన పని లేదు. ఫిబ్రవరిల పార్లమెంటు బిల్లు పాస్ చేసింది, జూన్ 2న తెలంగాణ వచ్చింది. అంటే 1955లో ఒక ప్రాంతం నమ్మిన తీర్మానం నిలబడలేదు, 2014లో ఇంకో ప్రాంతం నమ్మిన తీర్మానమూ నిలబడలేదు. ఇందులో ఎవరినీ ఎగతాళి చేసేది లేదు. రెండు చోట్లా నమ్మింది మామూలు జనమే.

అన్ని తీర్మానాలూ బలం లేనివి కాదు. శాసనమండలి ఉండాలన్నా తీసెయ్యాలన్నా 169వ ఆర్టికల్ కింద ముందు అసెంబ్లీ తీర్మానం ఉండాల్సిందే. ఎన్టీఆర్ హయాంల 1983లో అట్ల తీర్మానం చేసిన్రు, 1985లో పార్లమెంటు చట్టం చేసినంకనే మండలి రద్దయింది. 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ సభ మళ్లీ రద్దు తీర్మానం చేసింది. ఢిల్లీలో అది కదలకముందే 2021 నవంబర్‌లో వెనక్కి తీసుకున్నది. దారి ఉన్న తీర్మానం కూడా అవతలివాళ్లు కదిలితేనే పని.

మరి జీవో వస్తే చాలా? అది కూడా చెప్పలేం. స్థానికుల ఉద్యోగాల కోసం 1985 డిసెంబర్ 30న 610 జీవో ఇచ్చిన్రు. దాని అమలు ఎంతదాకా వచ్చిందో చూడటానికి 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వెయ్యాల్సి వచ్చింది. అయినా జీవోల ఎవరికి, ఎంత, ఎవరు ఇవ్వాలె అన్నది రాసి ఉంటది కాబట్టి పట్టుకొని అడగడానికి ఒక కొస దొరుకుతది. మన సంగతే చూడండ్రి. 2023 డిసెంబర్ 7 నుంచి గల్ఫ్‌ల చనిపోయిన తెలంగాణ కార్మికుల కుటుంబాలకు 5 లక్షల సాయం అని 2024 సెప్టెంబర్‌ల ఉత్తర్వు వచ్చింది. సంతాప తీర్మానంతో పెట్టె వెంబడి ఇంటికి ఏమీ రాదు. ఉత్తర్వు అయితే భార్యో తల్లో కలెక్టరేట్‌కు పోయి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

అందుకే తమ్ముళ్లూ, ఇకమీద తీర్మానం వార్త చూస్తే లైకు కొట్టేముందు మూడు సంగతులు చూడండ్రి. అది ఎవరికి చేసిన విజ్ఞప్తి? చెయ్యాల్సినవాళ్ల మీద ఏదన్నా కట్టుబాటు ఉందా? దాని వెనక చట్టమో జీవోనో వచ్చిందా? రాకపోతే తారీఖు రాసిపెట్టుకోండ్రి. ఓట్లకు వచ్చినప్పుడు ఆ తారీఖు చెప్పే అడగండ్రి.