కారుణ్య మరణం: తెలుగు రాష్ట్రాల్లో చరిత్ర, చట్టం, వైద్యం

నయం కాని జబ్బుతో అవసాన దశకు చేరిన రోగి యాతనను ముగించేందుకు వైద్యులు మరణానికి తోడ్పడటాన్ని కారుణ్య మరణం అంటారు. మందు ఇచ్చి ప్రాణం తీయడం ప్రత్యక్ష పద్ధతి. వెంటిలేటర్ వంటి ప్రాణాధార చికిత్సను ఆపేయడం, లేదా అసలు మొదలుపెట్టకపోవడం పరోక్ష పద్ధతి. నెదర్లాండ్స్, బెల్జియం 2002లో, కెనడా 2016లో ప్రత్యక్ష పద్ధతిని చట్టబద్ధం చేశాయి. భారతదేశంలో అది నేరం. పరోక్ష పద్ధతి మాత్రం 2011 నుంచి షరతులతో చెల్లుతోంది. తెలుగునాట పేరుమోసిన రెండు కేసుల్లోనూ చావు కోరిక వెనుక మరో విన్నపం ఉంది: ఒకరు అవయవదానానికి అనుమతి అడిగారు, మరొకరు బిడ్డకు వైద్యం అడిగారు.

వెంకటేశ్ కేసు

హైదరాబాద్‌కు చెందిన చదరంగం ఆటగాడు కె. వెంకటేశ్‌కు డుషెన్ మస్కులర్ డిస్ట్రఫీ ఉండేది. డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ లేక కండరాలు క్షీణించే ఈ జన్యువ్యాధి దాదాపుగా మగపిల్లలకే వస్తుంది. ముందు నడక పోతుంది, చివరకు ఊపిరి తీసే కండరాలూ గుండే దెబ్బతింటాయి. 2004లో, 25 ఏళ్ల వయసులో ఆస్పత్రి పాలైన వెంకటేశ్, అవయవాలు పాడవకముందే వాటిని దానం చేసి కన్నుమూస్తానన్నాడు. కొడుకు కోరికను తల్లి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుంచింది.

చట్టం ఒప్పుకోలేదు. 1994 నాటి మానవ అవయవ మార్పిడి చట్టం ప్రకారం గుండె, పూర్తి కాలేయం వంటివి తీయాలంటే ముందు బ్రెయిన్ డెత్ నిర్ధారణ కావాలి. వెంకటేశ్ మెదడు చక్కగా పనిచేస్తోంది. ఆ స్థితిలో అవయవాలు తీయడమంటే ప్రాణం తీయడమే. గుండె ఆగేదాకా ఆగితే వాటిలో చాలావరకు పనికిరావు. కోర్టు పిటిషన్‌ను తోసిపుచ్చింది. 2004 డిసెంబరు 17న అతను మరణించాడు. అతని కథ ఆధారంగా రేవతి దర్శకత్వంలో 2022లో ‘సలామ్ వెంకీ’ అనే హిందీ సినిమా వచ్చింది.

రెండో కేసు 2016 నాటిది. చిత్తూరు జిల్లాలో, కాలేయ జబ్బుతో ఉన్న పసిపాపకు చికిత్స చేయించే స్తోమత లేక, కారుణ్య మరణానికి అనుమతించమని తల్లిదండ్రులు కోర్టును ఆశ్రయించారు. వార్త బయటికొచ్చాక ప్రభుత్వం ఖర్చు భరించింది. తండ్రి ఇచ్చిన కాలేయ భాగంతో చెన్నైలో శస్త్రచికిత్స జరిగింది. వైద్యం అందని పేదరికాన్ని మరణేచ్ఛగా పొరబడటం ఎంత ప్రమాదమో ఈ ఒక్క కేసు చెబుతుంది.

చట్టం నడిచిన దారి

ఆత్మహత్యాయత్నాన్ని శిక్షించిన అప్పటి భారత శిక్షాస్మృతి 309వ సెక్షన్ రాజ్యాంగబద్ధమేనని 1980ల చివర్లో చెన్నా జగదీశ్వర్ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పిచ్చింది. 1994లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. 1996లో జ్ఞాన్ కౌర్ కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని నిలబెట్టింది. జీవించే హక్కులో చచ్చే హక్కు లేదని, సహజంగా ముగుస్తున్న జీవితానికి గౌరవప్రదమైన ముగింపు మాత్రం అందులో భాగమేనని ఆ తీర్పు చెప్పింది. తర్వాతి తీర్పులన్నీ ఈ పునాది మీదే లేచాయి.

ఇద్దరు తెలుగు న్యాయమూర్తులకు ఇందులో పాత్ర ఉంది. జస్టిస్ ఎం. జగన్నాథరావు అధ్యక్షతన 2006లో వచ్చిన లా కమిషన్ 196వ నివేదిక, చికిత్స వద్దనే హక్కు రోగికి ఉందని, ఆ మాట మన్నించిన డాక్టరుకు రక్షణ కావాలని చెప్పింది. చికిత్స వద్దని ముందుగా రాసిపెట్టే వీలునామాను (లివింగ్ విల్) మాత్రం ఒప్పుకోలేదు. 2011 మార్చి 7న అరుణా షాన్‌బాగ్ కేసులో సుప్రీంకోర్టు పరోక్ష పద్ధతిని అనుమతించాక, జస్టిస్ పి.వి. రెడ్డి నాయకత్వంలో 2012లో వెలువడిన 241వ నివేదిక కూడా దాన్ని సమర్థించింది.

2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు లివింగ్ విల్‌కు చట్టబద్ధత ఇచ్చింది. అయితే మెజిస్ట్రేట్ సంతకం, కలెక్టర్ వేసే వైద్య బోర్డు వంటి మెలికలతో అది కాగితానికే పరిమితమైంది. 2023 జనవరి 24న కోర్టు వాటిని సడలించింది. ఇప్పుడు ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలు. చికిత్స చేసే డాక్టరుతో పాటు కనీసం అయిదేళ్ల అనుభవమున్న ఇద్దరు నిపుణులు, చికిత్స ఆపాలా అని చూసే మొదటి బోర్డులో ఉంటారు. రెండో బోర్డులో జిల్లా వైద్యాధికారి నియమించిన డాక్టరు ఉండాలి. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి. నిర్ణయం అమలుకు ముందు మెజిస్ట్రేట్‌కు తెలపాలి. బోర్డు కాదంటే హైకోర్టుకు వెళ్లవచ్చు.

ఐసీయూ గుమ్మం దగ్గర

హైదరాబాద్‌లోని గచ్చిబౌలి, మాదాపూర్, నానక్‌రామ్‌గూడల్లో ఐటీ కంపెనీలతో పాటు కార్పొరేట్ ఆస్పత్రులూ పెరిగాయి. అక్కడి కౌన్సెలింగ్ గదిలో ఈ ప్రశ్న చట్టం మాటల్లో వినిపించదు. ‘ఇక లాభం లేదు, ఏం చేద్దామంటారు?’ అని డాక్టరు అడుగుతాడు. అమెరికాలో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో ‘నేనొచ్చేదాకా ఉంచండి’ అంటాడు. రోజువారీ బిల్లు కట్టలేని మరో కుటుంబం, వైద్యుల సలహాకు వ్యతిరేకంగా తీసుకెళ్తున్నామని రాసే ‘లామా’ కాగితం మీద సంతకం పెడుతుంది. రోగిని అంబులెన్స్ ఎక్కించి, దారిపొడవునా ఊపిరందించే అంబు బ్యాగ్ నొక్కుతూ ఊరికి చేరుస్తారు. ఇంటి దగ్గర ఆయాసానికి గానీ, నొప్పికి గానీ మందిచ్చేవారు ఉండరు. చట్టం దృష్టిలో ఇది చికిత్స విరమణ లెక్కలోకే రాదు. బోర్డు పరిశీలన, నొప్పి నివారణ, రోగి ఇష్టం, ఈ మూడూ ఆ ఒక్క సంతకంతో తప్పిపోతాయి.

ఉపశమన వైద్యం

నొప్పికీ ఆయాసానికీ వైద్యం చేసే పాలియేటివ్ కేర్ వేరు, కారుణ్య మరణం వేరు. తగిన మోతాదులో ఇచ్చే మార్ఫిన్ బాధను తగ్గిస్తుంది, చావును తెచ్చిపెట్టదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల దొరకడం కష్టమైన ఈ మందుకు 2014 సవరణ దారి సుగమం చేసింది. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఈ సేవకు హైదరాబాద్‌లో ప్రధాన కేంద్రం. 2011లో బంజారాహిల్స్‌లో రోటరీ సభ్యులు మొదలుపెట్టిన స్పర్శ్ హాస్పిస్, తర్వాత ఐటీ కారిడార్‌లోని ఖాజాగూడకు మారి అవసాన దశ రోగులను ఉచితంగా చూసుకుంటోంది.

మిగిలిన ప్రశ్నలు

ప్రత్యక్ష పద్ధతిని కోరేవారు మనిషి స్వేచ్ఛను ముందుకు తెస్తారు. వ్యతిరేకించేవారు వృద్ధులు, వికలాంగులు, పేదల మీద ‘భారం కాకూడదు’ అనే ఒత్తిడి పడుతుందని హెచ్చరిస్తారు. చిత్తూరు పసిపాప ఉదంతం చూశాక ఆ హెచ్చరికను కొట్టిపారేయలేం. అలాగని, కోలుకునే ఆశ లేని శరీరాన్ని యంత్రాలతో బలవంతంగా నిలపడమూ దయ అనిపించుకోదు. మన దగ్గర క్రమం స్పష్టంగా ఉండాలి: మొదట అందుబాటు వైద్యం, వెంటనే నొప్పి నివారణ, ఆపైన చికిత్స వద్దనే రోగి మాటకు మన్నన. మొదటి రెండూ అందనిచోట మూడోదాన్ని రోగి ఇష్టంగా లెక్కగట్టడం అన్యాయం. లివింగ్ విల్ రాయడానికి వకీలు కూడా తప్పనిసరి కాదు. ఒంట్లో ఓపిక, మాటలో స్పష్టత ఉన్నప్పుడే ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి చెప్పి రాసిపెడితే, ఐసీయూ బయట ఆ బరువు పిల్లల మీద పడదు.