మనోవ్యాధికి మందు లేదంటారు గాని...

మనోవ్యాధికి మందు లేదని ఒక సామెత ఉంది కదా! మా చిన్నప్పుడు ఇంట్లో ఆ మాట ఎక్కువగా మా పిన్ని గురించే వినబడేది.

పిన్నికి ఎప్పుడూ తలనొప్పి. ఒళ్ళంతా మంటలు, గుండె దడ. రాత్రి నిద్ర లేదు, పగలు ఆకలి లేదు. ఊళ్ళో డాక్టరుగారు నాడి చూసి, "నరాల బలహీనతమ్మా" అని బీ కాంప్లెక్సు ఇంజక్షన్లు రాసేవారు. టానిక్కు సీసాలు ఖాళీ అయ్యేవి. పిన్ని మాత్రం అలాగే ఉండేది. కూనిరాగం తియ్యకుండా ముగ్గు వెయ్యని మనిషి, చివరికి ముగ్గు వెయ్యడమే మానేసింది. "ఒళ్ళు వంచలేక వేషాలు" అని నాయనమ్మ విసుక్కునేది. "నీ మనసెలా ఉందే?" అని అడిగినవాళ్ళు మాత్రం లేరు.

ఈమధ్య ఒక నవల కోసం పిన్నిని గుర్తు చేసుకుంటూ పుస్తకాలు తిరగేస్తుంటే, అచ్చం ఆమెలాంటివాళ్ళు నూరుమంది చైనాలో కనిపించారు!

1980లో ఆర్థర్ క్లైన్‌మన్ అనే అమెరికన్ డాక్టరు చైనాలో హునాన్ రాష్ట్రానికి వెళ్ళాడు. అక్కడి ఆస్పత్రిలో తలనొప్పి, నీరసం, నిద్రలేమి అంటూ వచ్చేవాళ్ళకి డాక్టర్లు పెట్టిన పేరు ‘షెన్‌జింగ్ ష్వాయ్‌రువో’. అంటే ఏమనుకున్నారు? నరాల బలహీనతే! ఆ పేరున్న నూరుమందిని ఆయన కూర్చోబెట్టి నిదానంగా ప్రశ్నలడిగితే, 87 మందికి ఉన్నది డిప్రెషన్ అని తేలింది. సాంస్కృతిక విప్లవం రోజులు గడిచి ఎంతో కాలం కాలేదు. ఆ రోజుల్లో దిగులుగా ఉందంటే ప్రభుత్వమంటే గిట్టదన్న అర్థం వచ్చే ప్రమాదముండేది. తలనొప్పి అంటే ఎవరికీ కోపం రాదు కదా! ఉమ్మడి కుటుంబంలో కోడలు కూడా తలనొప్పి అనే చెబుతుంది.

ఇంకో విచిత్రం. ఈ ‘నరాల బలహీనత’ చైనావాళ్ళ సొంత మాట కాదు. 1869లో న్యూయార్కు డాక్టరు జార్జి బియర్డ్ ప్రచారంలోకి తెచ్చిన ‘న్యూరస్థీనియా’ అనే పేరు జపాను మీదుగా చైనా చేరింది. క్లైన్‌మన్ చైనా వెళ్ళిన 1980లోనే అమెరికా డాక్టర్లు దాన్ని తమ జబ్బుల పట్టికలోంచి తీసేశారు. పుట్టింటివాళ్ళు మరిచిపోయిన ఆడపిల్లలా అది అత్తవారింట్లోనే ఉండిపోయింది!

పోనీ, ఒకే భాష మాట్లాడే దేశాల డాక్టర్లయినా ఒకే మాట మీద ఉండేవాళ్ళా అంటే, అదీ లేదు. 1960లలో న్యూయార్కు ఆస్పత్రుల్లో ఎక్కువమందికి స్కిజోఫ్రీనియా అని రాస్తుంటే, లండన్‌లో డిప్రెషన్‌లాంటి జబ్బుల పేర్లు ఎక్కువగా రాసేవారు. సముద్రం దాటగానే జనం మనసులు మారిపోతాయా? రెండు నగరాల రోగులనూ ఒకే ప్రశ్నలతో పరీక్షించి చూస్తే ఆ తేడా చాలావరకు మాయమైపోయింది. 1972లో అచ్చయిన ఈ పరిశోధన తేల్చింది ఒకటే. తేడా రోగుల్లో కాదు, డాక్టర్లలో!

అందుకే 1980 నుంచి అమెరికా డాక్టర్లు లక్షణాల లెక్క పెట్టుకున్నారు. ఇప్పటి లెక్క ప్రకారం తొమ్మిది లక్షణాల్లో కనీసం అయిదు, రెండు వారాలపాటు ఉండాలి. వాటిలో దిగులో, దేనిమీదా ఆసక్తి లేకపోవడమో తప్పక ఉండాలి. ముగ్గు మానేసిన పిన్ని ఆ లెక్కకు సరిగ్గా సరిపోయేది.

మరి మందు? స్విట్జర్లాండులో రోలండ్ కూన్ అనే డాక్టరు వేరే జబ్బుకని తయారైన ఇమిప్రమీన్‌ను దిగులుతో కుంగినవాళ్ళకి ఇచ్చి చూస్తే, వాళ్ళు తేరుకున్నారు. ఆ సంగతి ఆయన 1957లో ప్రకటించాడు. అంటే పిన్ని ఇంజక్షన్లు పొడిపించుకునే నాటికే, మనోవ్యాధికి మందు వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటిందన్నమాట!

మందొక్కటే చాలదని కూడా చైనా రోగులే చెప్పారు. మాత్రలతో చాలామందికి బాధలు తగ్గాయి. కాని ఇంట్లో గొడవ, ఆఫీసులో చిక్కు తీరనివాళ్ళు మళ్ళీ వైద్యం కోసం తిరుగుతూనే ఉన్నారు.

ఈ రెండో సగం సంగతి ఆఫ్రికాలో అమ్మమ్మలకు బాగా తెలుసు. జింబాబ్వేలో మానసిక వైద్యుల్ని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. 2005లో డిక్సన్ చిబాండా అనే డాక్టరు దగ్గర వైద్యం పొందుతున్న ఒక యువతి ఆత్మహత్య చేసుకుంది. ఆమెను ఆస్పత్రికి తీసుకురావడానికి తల్లి దగ్గర బస్సు చార్జీలు లేవట! ఆ దుఃఖంలోంచి ఆయన 2006లో హరారే నగరంలో, 14 మంది పెద్దవయసు ఆడవాళ్ళకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రం బయట బెంచీల మీద కూర్చోబెట్టాడు. అక్కడి షోనా భాషలో ఈ జబ్బు పేరు ‘కుఫుంగిసీస’. అతిగా ఆలోచించడం అని అర్థం. మనవాళ్ళు "ఊరికే ఆలోచించకే" అనరూ, అదే! అమ్మమ్మలు ముందు ప్రశ్నలడుగుతారు, తర్వాత వింటారు, ఒక చిక్కును ఎంచుకుని దారి వెతకడానికి సాయం చేస్తారు. జబ్బు ముదిరితే డాక్టరు దగ్గరికి పంపుతారు. 573 మందితో చేసిన పరిశోధన 2016లో వెలువడింది. ఆరు నెలల తర్వాత మామూలు వైద్యం పొందినవాళ్ళలో సగం మందికి డిప్రెషన్ మిగిలి ఉంటే, బెంచీ దగ్గరికి వచ్చినవాళ్ళలో అది నూటికి 14 మందికే ఉంది.

మన దేశంలోనూ గోవాలో డాక్టర్లు కానివాళ్ళకే శిక్షణ ఇచ్చి ఇలాంటి ఫలితాలు సాధించారు. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్‌లో, 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. పిన్ని రోజుల్లో ఇవేవీ లేవు.

ఇవన్నీ చదివాక ఊరుకోలేక ఊరు వెళ్ళాను. పిన్నికిప్పుడు డెబ్భై దాటాయి. వసారాలో పక్కన కూర్చుని, "అప్పట్లో నీ మనసెలా ఉండేది పిన్నీ?" అన్నాను. "ఇప్పుడెందుకే అదంతా?" అంది. నేను లేవలేదు. చాలాసేపటికి, పురిట్లోనే పోయిన బిడ్డ సంగతి చెప్పింది. ఆ బిడ్డ పేరెత్తవద్దని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పారట. ఒక పిల్ల ఉండేదని నాకసలు తెలియదు.

"పేరు కూడా అనుకున్నానే" అంది పిన్ని, పమిటచెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. తర్వాత నా గ్లాసు వైపు చూసి, "కాఫీ చల్లారిపోయింది, ఉండు, మళ్ళీ కలుపుకొస్తా. వెళ్ళిపోకు, ఇంకా ఉంది చెప్పాల్సింది" అంటూ లేచింది.