ఓడ మునిగిన తర్వాత రైలు కట్ట మీద

కాజీపేట జంక్షన్ వైపు రాత్రి గూడ్సు బండి వెళ్తుంటే మా హాస్టల్ కిటికీలు సన్నగా అదురుతాయి. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి వారం నిద్ర పట్టదు. తర్వాత ఆ చప్పుడు లేకపోతేనే నిద్ర పట్టదంటారు. పెద్ద తరగతుల పిల్లలను ఏం కావాలనుకుంటున్నారని అడిగితే ఎక్కువగా వచ్చే జవాబులు రెండే: రైల్వే ఉద్యోగం, నర్సింగ్. అందుకే ఈ ప్రత్యేక సంచికకు రైలు, వైద్యం రెండూ కలిసిన చరిత్ర ఒకటి రాయాలనుకున్నాము. ఇది మన జిల్లాలో జరిగింది కాదు. కానీ ఇందులో తెలుగువాళ్లున్నారు.

1942 మార్చి 1 తెల్లవారకముందే జావా దీవి పక్కన సుండా జలసంధిలో అమెరికా నౌకాదళ యుద్ధనౌక హ్యూస్టన్‌ను జపాన్ నౌకలు ముంచేశాయి. వెయ్యిమందికి పైగా ఉన్న ఓడలో 368 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడి ఖైదీలయ్యారు. అలా బతికినవారిలో ఓడ వైద్యాధికారి విలియం ఎప్‌స్టీన్ ఒకరు. వారిలో చాలామందిని జపాన్ సైన్యం బర్మా అడవుల్లోకి తీసుకెళ్లి రైలు కట్ట పనిలో పెట్టింది. సముద్రం మీద బతకడం నేర్చుకున్నవాళ్లు పారా, గంప పట్టారు.

ఆ రైలు మార్గం థాయిలాండ్‌లోని బాన్ పాంగ్ నుంచి బర్మాలోని తన్‌బ్యుజాయత్ దాకా 415 కిలోమీటర్లు. కొండలు, వెదురు అడవులు, ఆగని వాన. బర్మాలో ఉన్న తన సైన్యానికి సరుకు చేర్చడానికి జపాన్‌కు ఆ దారి కావాలి. ఏడాదికి కొంచెం పైగా పని నడిచి 1943 అక్టోబరు 17న రెండు వైపుల పట్టాలు కలిశాయి. పట్టాలలో కొన్ని మలయాలోని పాత రైలు మార్గం నుంచి పీకి తెచ్చినవే.

ఖైదీల శిబిరాల్లో వైద్యం ఎలా జరిగిందో నర్సింగ్ చదవాలనుకునే పిల్లలు శ్రద్ధగా చదవాలి. మందులు దాదాపు లేవు. మలేరియా, రక్త విరేచనాలు, బెరిబెరి ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. వెదురు ముల్లు గీసుకున్న చిన్న గాయం కూడా వారం తిరిగేసరికి ఎముక కనిపించే పుండు అయ్యేది. హ్యూస్టన్ ఖైదీలున్న ఒక గుంపుకు హెన్రీ హెకింగ్ అనే డచ్ సైన్య వైద్యుడు దొరికాడు. ఆయన జావాలో పుట్టి పెరిగినవాడు. చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర ఆకులు, వేర్లు, బెరళ్ల గుణాలు నేర్చుకున్నాడు. తర్వాత పెద్ద చదువు చదివినా అది మరచిపోలేదు. అడవిలో దొరికిన మూలికలతోనే విరేచనాలకు మందు చేశాడు. కుళ్లిన పుండ్లను చెంచా అంచుకు పదును పెట్టి గీకి శుభ్రం చేశాడు. ఇతర చోట్ల కాళ్లు తీసేస్తుంటే ఆయన వీలైనంతవరకు కాలు నిలబెట్టడానికే చూశాడు. ఆయన వల్లే బతికామని అమెరికన్ నావికులు తర్వాత చెప్పుకున్నారు. మన గూడేల్లో, తండాల్లో అవ్వలకు తెలిసిన ఆకు మందును హాస్టల్‌కు వచ్చాక నవ్వులాటగా తీసేసే పిల్లలున్నారు. వాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు ఎక్కువ రాశాము.

ఇక తెలుగువాళ్ల సంగతి. విశాఖ, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాల నుంచి ఎందరో బీద కుటుంబాలు అంతకు చాలా ఏళ్ల ముందే మలయా రబ్బరు, కొబ్బరి తోటలకు కూలికి వెళ్లాయి. జపాన్ ఆక్రమణతో రబ్బరు కొనేవాడు లేక తోటల్లో పని, తిండి కరువయ్యాయి. అప్పుడు రోజుకు ఒక డాలరు కూలి అనీ, మూడు నెలల్లో తిరిగి రావచ్చనీ చెప్పి రైలు పనికి పిలిచారు. కొన్నిచోట్ల ఉచిత సినిమా అని పోగుచేసి, తలుపులు మూసి, అటు నుంచి అటే బండి ఎక్కించారు. తమిళులు ఎక్కువ. వారితోపాటు తెలుగువాళ్లు, మలయాళీలు, మలయా వాసులు, జావా వాసులు, బర్మీయులు. కొందరు భార్యాపిల్లలతోనే వెళ్లారు.

యుద్ధఖైదీలు సుమారు 60,000 మంది. వారిలో 12,000 మందికి పైగా చనిపోయారు, అంటే అయిదుగురిలో ఒకరు. ఆసియా కూలీలు సుమారు 2,00,000 మంది అని, చనిపోయినవారు దాదాపు 90,000 అని అంచనా. అదే అడవి, అదే వాన, అదే గంజి. మరి ఇంత తేడా ఎందుకు? ఖైదీలకు తమ అధికారులున్నారు, వైద్యులున్నారు, వైద్య సహాయకులున్నారు. నీళ్లు మరిగించి తాగించడం, మరుగుదొడ్డి గుంతలు దూరంగా తవ్వించడం, కలరా రోగిని వేరుగా ఉంచడం కట్టుబాటుగా నడిపారు. కూలీల పాకల్లో ఆ పని చూసేవాడే లేడు. మన పెద్దలు గత్తర అని పిలిచిన ఆ రోగం 1943 వానాకాలంలో వస్తే పాకలకు పాకలే ఖాళీ అయ్యాయి.

పరిస్థితి చేయి దాటాక, ఆ సంవత్సరం జూన్‌లో సింగపూర్‌లో ఉన్న ఖైదీల నుంచి 230 మంది వైద్యులను, సహాయకులను, ఆగస్టులో మరో 115 మందిని కూలీల శిబిరాలకు పంపారు. వాళ్లను కె ఫోర్స్, ఎల్ ఫోర్స్ అన్నారు. బ్రిటిష్, ఆస్ట్రేలియా మనుషులు. తామే ఖైదీలు, చేతిలో మందు లేదు, రోగి చెప్పేది అర్థం కాదు. చాలాచోట్ల శవాలు పూడ్చడమే వాళ్ల పని అయింది. నొప్పి ఎక్కడ అని తెలుగులో అడిగే ఒక్క మనిషి ఆ పాకలో ఉంటే ఎలా ఉండేదో అని మాకు అనిపిస్తుంది.

యుద్ధం ముగిశాక హ్యూస్టన్ నుంచి ఖైదీలైన 368 మందిలో 291 మంది ఇల్లు చేరారు. థాయిలాండ్‌లోని కాంచనబురి సైనిక శ్మశానంలో దాదాపు 7,000 సమాధులున్నాయి. వరుసలు తప్పకుండా, ఎక్కువ వాటిపై పేరు, దళం, తేదీ చెక్కి ఉంటాయి. కూలీలకు అలాంటి జాబితా లేదు. మలేషియాలో కొన్ని కుటుంబాలు ఇప్పటికీ తాత ఎక్కడ పోయాడో తెలియకుండానే ఆయనకు దండం పెట్టుకుంటున్నాయి.

మన దగ్గర కాజీపేట నుంచి బల్లార్షా మార్గం 1929లో పూర్తయింది. ఢిల్లీ, మద్రాసు బండ్లు దాని మీదుగానే నడిచాయి. కట్టకు మట్టి మోసినవాళ్లు, తర్వాత గ్యాంగు పనికి వెళ్లినవాళ్లు మీ ఇళ్లలో ఎవరైనా ఉంటే, దసరా సెలవులకు వెళ్లినప్పుడు పెద్దలను అడిగి పేరు, ఊరు, పనిచేసిన చోటు కాగితం మీద రాసి తీసుకురండి. నాటు వైద్యం తెలిసిన అవ్వల పేర్లూ రాయండి. పోయిన వేసవిలో మొదలుపెట్టిన మా రిజిస్టరులో ఇప్పటికి పదకొండు పేర్లు ఎక్కాయి. అందులో రెండింటికి ఊరి పేరు ఇంకా తెలియాలి.