రెండో మనిషి చేతిలో వల

బజర్ మోగింది.

చిమ్మచీకటి. తెల్లవారడానికి ఇంకా పొద్దుంది. ఇంగ్లండ్‌లోని హెరిఫర్డ్‌షైర్ పల్లెల్లో, చెట్ల చాటున దాగిన మూడెకరాల మడుగు. పేరు రెడ్‌మైర్. 1952 సెప్టెంబరు 13. ఒడ్డున మకాం వేసినవాళ్లు ఇద్దరు, రిచర్డ్ వాకర్, పీట్ థామస్. వాకర్ చెయ్యి గాలం కర్ర మీదికి పోయింది. దారం నీళ్లలోకి సాగిపోతోంది. కర్ర ఎత్తి ఒక్క గుంజు గుంజాడు. అవతల బరువు తగిలింది. ఆ బరువు కదిలింది, ఆగకుండా పోయింది.

ఈ రాత్రిని నేను చాలాసార్లు కళ్లముందు తెచ్చుకున్నాను. మాదాపూర్‌లో ప్రొడక్షన్ సపోర్ట్ ఉద్యోగం నాది. ఆన్‌కాల్ వారం వస్తే ఫోను తలగడ పక్కనే ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి అది మోగితే కళ్లు తెరవకముందే చెయ్యి దాని మీద పడుతుంది. ఎక్కడో దూరదేశంలో సర్వర్ పడిపోయింది, లేపాలి. అందుకే వాకర్ కథ మొదటిసారి చదివినప్పుడు నన్ను పట్టుకున్నది చేప కాదు, ఆ బజర్.

ఆ బజర్‌ను వాకర్ సొంతంగా తయారు చేసుకున్నాడు. కేంబ్రిడ్జిలో ఇంజనీరింగ్ చదివి, రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ మీద పనిచేసి, ఆ తర్వాత గడ్డికోత యంత్రాల పనిలో స్థిరపడిన మనిషి. కంటికి కనపడని దాన్ని సంకేతంతో పసిగట్టడం ఆయన విద్య. చీకట్లో బెండు కనపడదు కదా. దారం కదిలితే రెండు లోహపు ముక్కలు తాకుతాయి, బ్యాటరీ కరెంటు పారుతుంది, బజర్ మోగుతుంది. అంతే. కానీ ఆ చిన్న ఏర్పాటు వల్ల రాత్రంతా నీటికి కాపలా కాయడం మనిషికి సాధ్యమైంది. ఈనాటికీ ప్రపంచంలో ఈ చేప కోసం పోటీపడే ప్రతి జట్టు ముందూ దాని వారసులే వరసగా నిలబడి ఉంటాయి.

ఇంతకీ ఆ చేప మనకు కొత్తది కాదు. ఇంగ్లిషువాళ్లు కార్ప్ అంటారు, మన చేపల మార్కెట్లో బంగారు తీగ. 1939లో నీలగిరి నీళ్లలో వదిలాక మన దేశంలో కాపురం పెట్టింది. మన బొచ్చె, రవ్వ దానికి దాయాదులే. తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా వదిలే చేపపిల్లల్లో ఇదీ ఉంది. మూతికి రెండు జతల చిన్న మీసాలు. బురదను తడుముతూ వస్తుంది, ఎరను నోట్లోకి పీల్చుకుంటుంది, నచ్చకపోతే మరుక్షణం ఉమ్మేస్తుంది. దాని పళ్లు గొంతులో ఉంటాయి, పెదాలతోనే రుచి చూసి నిర్ణయం తీసుకుంటుంది. పెద్ద చేప ఎన్నో ఏళ్లు బతికి అంత పెద్దదయింది. అంత తేలిగ్గా మోసపోదు. అందుకే ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో చాలామంది, పెద్ద కార్ప్‌ను గాలంతో పట్టడం మనిషి వల్ల కాదనే నమ్మేవారు.

చిన్నప్పుడు మా ఊరి చెరువు కట్ట మీద మేనమామ పక్కన కూర్చునేవాణ్ణి. పిండిముద్ద ఎర, నెమలీక కాడ బెండు. బెండు వణకగానే నా చేతులు ఆగేవి కావు.

"మామా, గుంజన్నా?"

"ఆగు బిడ్డా. మింగనియ్యి."

ఆ "ఆగు" అన్న మాట విలువ నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

వాకర్‌కు కూడా ఆ రాత్రి ఆగడమే ప్రాణం. లెక్క చూడండి. దారం పన్నెండు పౌండ్లకు తెగుతుంది, అంటే అయిదున్నర కిలోలు. అవతల ఉన్నది దానికి మూడు రెట్లకు పైగా బరువు. బలవంతంగా లాగితే తెగిపోతుంది. వదిలేస్తే కలుపులోకో వేళ్ల మధ్యకో దూరి దారాన్ని చుట్టేసుకుంటుంది. ఈ రెండింటికీ మధ్య మిగిలిన సన్నని దారిలో నడిపించాలి. వెదురును నిలువుగా చీల్చి, ఆరు బద్దలను అతికించి చేసిన పదడుగుల కర్ర వంగుతూ, ఆ కుదుపులను తనలోకి తీసుకుంటోంది. ఆ కర్ర రూపకల్పన కూడా ఆయనదే. చేప పోతానంటే పోనిచ్చాడు. ఆగిన చోట మెల్లగా తిప్పాడు.

మనం ఇక్కడ వాకర్‌ను వదిలి పక్కకు చూడాలి. చరిత్రలో మిగిలింది వాకర్ పేరు. ఒడ్డు దగ్గర చీకట్లో వల పట్టుకుని ఉన్నది పీట్ థామస్. ఇరవై కిలోల చేపను అలాంటి దారంతో గాల్లోకి ఎత్తడం కుదరదు. ఎవరో ఒకరు వలను ముందే నీళ్లలో ముంచి, కదలకుండా ఉండాలి. చేప అలసి పక్కకు ఒరిగి, తనంతట తాను వల మీదికి వచ్చే దాకా కాచుకోవాలి. ఒక్క క్షణం తొందరపడి వలతో చేపను పొడిచినా, దారానికి వల తగిలినా, అంతా పోయినట్టే. పోతే ఆ పాపం అతనిదే. దక్కితే కీర్తి ఇంకొకరిది. అది తెలిసీ చేతులు వణకకుండా నిలబడ్డాడు. చేప వలలోకి వచ్చింది. థామస్ ఎత్తాడు.

నలభై నాలుగు పౌండ్లు. దాదాపు ఇరవై కిలోలు. అంతకుముందు ఏడాది ఇదే మడుగులో బాబ్ రిచర్డ్స్ పట్టిన 31 పౌండ్ల 4 ఔన్సుల చేపే బ్రిటిష్ రికార్డు. అది ఒక్కసారిగా పదమూడు పౌండ్ల దాకా వెనకబడిపోయింది. వాకర్ ఆ చేపను చంపలేదు. లండన్ జూకు కబురు పంపాడు, వాళ్లు వచ్చి ప్రాణాలతో తీసుకుపోయారు. అక్వేరియంలో దానికి క్లారిస్సా అని పేరు పడింది. 1971 దాకా బతికింది. పంతొమ్మిదేళ్లు గాజు పలక వెనక. ఆ సంగతి చదివినప్పుడల్లా నా మనసు కాస్త కలుక్కుమంటుంది. ఆ రికార్డును 1980లో క్రిస్ యేట్స్ అదే రెడ్‌మైర్‌లో దాటాడు, 51 పౌండ్ల 8 ఔన్సులతో. ఆ చేప తిరిగి అదే నీళ్లలోకి వెళ్లింది.

విచిత్రమేమంటే అంతర్జాతీయ క్రీడా మత్స్యవేట సమాఖ్య సిప్స్ కూడా ఆ 1952లోనే రోమ్‌లో పుట్టింది. దాని మంచినీటి విభాగం నడిపే కార్ప్ ప్రపంచ పోటీల్లో ఒక్కో దేశానికి మూడు జంటలు. చెరువును మూడు భాగాలు చేసి, భాగానికో జంట, చీటీ వేసి చోటు. డెబ్బై రెండు గంటలు, రాత్రింబవళ్లు ఆపకుండా. మూడు జంటల స్థానాలు కలిపి దేశం స్థానం. ఒక జంట ఖాళీ చేతులతో మిగిలితే, మిగతా రెండు జంటల కష్టమూ కిందికి జారుతుంది. ఒకరు కునుకు తీస్తే ఒకరు బజర్ దగ్గర. ఒకరు కర్ర పడితే ఒకరు వల. వాకర్, థామస్ ఆ రాత్రి చేసిందే, జెండాలతో.

ఇది ఆటేనా అని మా ఆఫీసులో అడిగారు. బాక్స్ క్రికెట్ ఆడేవాళ్లకు ఇది కూర్చోవడంలాగే కనిపిస్తుంది. మూడో రాత్రి, వానలో, ఇరవై గంటలుగా ఒక్క చప్పుడూ లేని బజర్ ముందు, పక్కవాడి మీద విసుక్కోకుండా ఉండటం ఎంత కష్టమో రాత్రి షిఫ్టుల్లో పనిచేసే మనకు తెలియాలి. నాకైతే ఇంతకన్నా నిజమైన జట్టు ఆట కనపడదు.

మొన్న ఆన్‌కాల్ ముగించుకుని దుర్గం చెరువు పక్కగా నడిచాను. గోల్కొండ కోటకు మంచినీళ్లిచ్చిన చెరువు. ఇప్పుడు అద్దాల మేడలు, 2020లో తెరిచిన తీగల వంతెన దాని చుట్టూ, పైనా. ఇంగ్లండ్‌లో ఒక మడుగు చెడిపోతే ముందుగా గొంతెత్తేవాళ్లలో గాలం వేసేవాళ్లు ఉంటారు. నీళ్లలో ఊపిరి తగ్గితే చేప ముందు చెబుతుంది, దాన్ని చూస్తూ కూర్చున్నవాడు వింటాడు. మన చెరువులకు అలా కూర్చునేవాళ్లు కావాలని నాకు గట్టిగా ఉంది.

వంతెన దీపాలు ఇంకా ఆరలేదు. రాత్రంతా నాతో లైన్లో ఉన్న మా జట్టు కుర్రాడు ఫోన్ చేశాడు. తప్పు పట్టుకున్నది నేనే, నివేదికలో నా పేరే పోయింది. నేను మార్పులు చేస్తున్నంతసేపూ మూడు గంటలు స్క్రీన్ల మీద కన్నేసి ఉంచింది అతను.

"అన్నా, అంతా సెట్ అయిందా? ఇక పడుకోవచ్చా?"

"పడుకో తమ్మీ. రిపోర్టు నేను మళ్లీ పంపుతా."

అక్కడే బెంచీ మీద కూర్చుని, ఫోన్లోనే నివేదిక తెరిచి, నా పేరు పక్కన అతని పేరు టైపు చేశాను.